ఒక్క బంతి సేపు

వంతు జేలిన్ కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ప్రార్థన ఆగిపోయింది.

లైకర్ల ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన వంతులవారీగా నడుస్తుంది. నిన్న టిల్లీ, ఇవాళ జేలిన్, రేపు నాన్నమ్మ, ఆ తర్వాత అమ్మ, నాన్న. వాలీబాల్లో సర్వీసు తిరిగినట్టు బల్ల చుట్టూ తిరుగుతుంది. తిరక్కేం చేస్తుంది? ఇంటాయన వర్జిల్ లైకర్ సెయింట్ కునెగొండా హైస్కూల్లో చరిత్ర మాస్టారు, ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు కోచ్, ఆ జట్టు పొరుగూళ్ళకు వెళ్తే బస్సు డ్రైవరు కూడా. కోచ్ నడిపే కోచ్. ఇరవై రెండేళ్ళుగా ఆ నెట్టు పట్టుకునే బతుకు నెట్టుకొస్తున్నాడు.

ఆ కుర్చీ శనివారం నుంచి ఖాళీ. పెద్దకూతురు జేలిన్ పక్క గదిలో సోఫా మీద కుడికాలు చాపుకుని ఉంది. తొడ నుంచి పిక్క దాకా పట్టీలు, వాటికి రెండు పక్కలా లోహపు పుల్లలు, మోకాలు దగ్గర వంగకుండా ఒక తాళం. వంగని కాలు బల్ల కిందికి రాదు. కాలి దెబ్బకి కుర్చీ ఖాళీ.

"ఖాళీ చోటుకి సర్వీసు వంతొస్తే ఏమవుతుంది?" అంది నాన్నమ్మ ఆల్విరా, చెంచా ఎత్తి పట్టుకుని. "పాయింటు అవతలివాళ్ళకి. అంటే దేవుడికి ఒకటి, మనకి సున్నా. ఒరేయ్ వర్జిల్, సూపు చల్లారిపోతోందిరా."

"జేలిన్ చెప్తుంది," అన్నాడు వర్జిల్.

పక్క గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. అక్కడ టీవీలో బొమ్మ ఆడుతోంది. గొంతు మాత్రం నొక్కేసి ఉంది.

"నేను చెప్పేస్తా నాన్నా," అంది టిల్లీ. దానికి పద్నాలుగేళ్ళు. "నిన్న చెప్పిందే మళ్ళీ చెప్పేస్తా. దేవుడేమైనా గుర్తుపెట్టుకుంటాడా?"

"వంతు వంతే."

వర్జిల్ భార్య రోజ్‌లిన్ గరిటె తీసుకుని, ప్రార్థన లేకుండానే నాలుగు గిన్నెల్లో సూపు పోసేసింది. బీన్సు, పిండి ఉండలు, పైన కాస్త మీగడ. ఆ ఇంట్లో ప్రార్థన లేకుండా గరిటె లేవడం అదే మొదటిసారి. ఎవరూ ఏమీ అనలేదు. ఆల్విరా కూడా అనలేదు, దానికి మాత్రం ఊళ్ళో ఎవరినైనా పిలిచి సాక్ష్యం చూపించాలి.

"ఒక్క బంతి, రోజ్‌లిన్," అన్నాడు వర్జిల్.

"ఆ మాట రెండు రోజుల్నుంచీ ఉప్పులా చల్లుతున్నావు. చాలు, ఇక ఎవరి నోటికీ రుచి తెలీడం లేదు."

"ఒక్క బంతి సేపు నిలబడితే చాలు. ఆడక్కర్లేదు. ఊరికే నిలబడాలి."

"ఊరికే కాదు. ఊరి కోసం."

సంగతి ఇదీ. శనివారం ఆటలో గెంతి దిగినప్పుడు జేలిన్ మోకాలి లోపల నరం లాంటిదేదో తెగింది. వచ్చే బుధవారం ఆపరేషన్. జట్టులో సరిగ్గా ఆరుగురే, ఏడో పిల్ల లేదు. హైస్కూలు మొత్తానికి పంతొమ్మిదిమంది, వాళ్ళలో ఆడపిల్లలు తొమ్మిదిమంది. ఒకమ్మాయికి ఉబ్బసం, ఒకమ్మాయి పాలు పితకడానికి పోవాలి, ఇంకొకమ్మాయికి బంతి కనిపిస్తే కళ్ళు మూసుకోవడం అలవాటు. మిగిలినవాళ్ళే జట్టు. కోచ్ నెత్తిన జుట్టే జట్టు కంటే కాస్త నయం.

అందుకే మంగళవారం ఆట ఆడకుండానే ఓడిపోయారు. ఆరుగురు నిలబడందే ఆట మొదలు కాదు. రేపు గురువారం కూడా అలాగే ఓడితే, రెండోసారి కాబట్టి లీగు ఆ జట్టు పేరు కొట్టేస్తుంది. అయితే ఆ నియమంలోనే ఒక సందుంది. మొదటి ఈల వేసేటప్పుడు ఆరుగురు ఉండాలి. తర్వాత ఒకరు దెబ్బ తగిలి బయటికెళ్తే మిగిలిన అయిదుగురూ ఆడుకోవచ్చు. ఖాళీ చోటుకి సర్వీసు వంతు వచ్చినప్పుడల్లా అవతలివాళ్ళకొక పాయింటు. అంతే.

ఏ పనికైనా అడ్డుపడితే మోకాలడ్డారంటాం. ఓబర్‌టాల్ ఊళ్ళో ఆ వారం నిజంగా మోకాలే అడ్డుపడింది.

"డాక్టరు కాగితం రాసిచ్చాడు," అన్నాడు వర్జిల్. "నిలబడవచ్చు, గెంతరాదు అని."

"ఏ డాక్టరు? వాసింగరేనా? ఆయన ఆ కాగితం మీద డాక్టరుగా సంతకం పెట్టాడా, మీ స్కూలు పాత విద్యార్థిగా పెట్టాడా?"

"రెండూ ఒకటే మనిషి."

"అదే నా ఏడుపు. ఈ ఊళ్ళో డాక్టరూ మీ బడే, ఫాదరూ మీ బడే, స్కోరు రాసేవాడూ మీ బడే. పిల్ల వైపు ఎవరూ చదువుకోలేదు."

రోజ్‌లిన్ ఆ బడిలో చదవలేదు. పన్నెండు మైళ్ళ అవతల బ్రూక్‌ఫెల్డ్‌లో, పబ్లిక్ స్కూల్లో చదివింది. ఇప్పుడు అదే స్కూలు వంటగదిలో పనిచేస్తోంది. రేపటి ఆట కూడా ఆ స్కూలు పిల్లలతోనే.

"మా దగ్గర జట్టులో పద్నాలుగుమంది," అంది. "రోజూ మధ్యాహ్నం నేనే వడ్డిస్తా వాళ్ళకి. ఒక పిల్ల పడితే ఇంకో పిల్ల లేచి నిలబడుతుంది. ఇక్కడ ఒక పిల్ల పడితే ఊరు పడిపోతుందంటారు. పదిహేడేళ్ళ పిల్ల మోకాలి మీద ఊరిని నిలబెడతారా ఎవరైనా?"

వర్జిల్‌కి కోపం రావలసిన చోటది. రాలేదు. మంగళవారం నెట్టు విప్పి చుట్టి గదిలో పెట్టినప్పుడు ఏడుపు రావలసింది. అదీ రాలేదు. రెండూ కలిసి ఏ పొరుగూరి బస్సో ఎక్కి వెళ్ళిపోయినట్టున్నాయి, డ్రైవరుకి చెప్పకుండా.

"బడి మూసెయ్యాలా వద్దా అని సోమవారం బోర్డు కూర్చుంటుంది," అన్నాడు, పాఠం చెప్పే గొంతుతో. "జట్టు ఉంటే బడి ఇంకో ఏడాది. జట్టు పోతే ఆటాడే పిల్లలు మీ స్కూలుకి పోతారు. వాళ్ళ వెనక తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పోతారు. ఆటలేని బడికి ఎవరు పంపుతారు?"

"నేను తొమ్మిదిమందిని కన్నాను," అంది ఆల్విరా. "ఆరుగురు లోపల, ముగ్గురు బెంచీ మీద. ఒక్కో ఇంట్లో ఒక్కో జట్టుండేది మా రోజుల్లో. మీరు ఇద్దరు పిల్లలతో సరిపెట్టి ఇప్పుడు బడి ఎందుకు చిక్కిపోయిందంటే ఎలా?"

"నేను బడి కోసం కనలేదత్తయ్యా."

"నేను మాత్రం బడి కోసం కన్నానా? మీ మామయ్య పొలంలో పనికి మనుషులు కావాలన్నాడు." సూపు జుర్రి, "అవతల గదిలోకి ఎవరైనా గిన్నె పట్టుకెళ్తున్నారా, లేక అక్కడ మనిషుందని మర్చిపోయారా?" అంది.

ఎవరూ లేవలేదు.

"అమ్మా," అంది టిల్లీ. దాని గిన్నెలో పిండి ఉండలు అలాగే ఉన్నాయి. "జట్టు పోతే వచ్చే ఏడాది నేనెక్కడికెళ్ళాలి? నీ స్కూలుకా, నాన్న స్కూలుకా?"

వర్జిల్ సూపు వైపు చూశాడు. రోజ్‌లిన్ వర్జిల్ వైపు చూసింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఎవరూ ఆ ఇంటిని రెండు ముక్కలుగా కోసి బల్ల మీద పెట్టలేదు. ఇవాళ చిన్నపిల్ల చెంచాతో కోసి పెట్టింది.

"ఒక్క బంతి," అంది రోజ్‌లిన్ చివరికి. "నేను చూస్తూ కూర్చుంటా. రెండో బంతికి నేనే కిందికి దిగొస్తా, వర్జిల్. అందరి ముందూ."

"రెండో బంతి ఉండదు."

రోజ్‌లిన్ గిన్నె తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. జేలిన్ మోకాలి మీద ఐసు గడ్డలా బిగుసుకుపోయిన సంచీ ఉంది. అందులో ఉన్నవి క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు, చలికాలానికని దాచినవి. ఐసు అయిపోతే అవే పెట్టుకుంది.

"నొప్పిగా ఉందా?"

"తెలీడం లేదు."

"మరీ చల్లగా ఉందా?"

"తెలీడం లేదు."

నాలుగు రోజులుగా ఏమడిగినా అదే జవాబు. రోజ్‌లిన్ సంచీ తీసి పక్కన పెట్టింది, పట్టీలు వదులు చేసి చర్మం తుడిచింది, మళ్ళీ బిగించి మోకాలు దగ్గర తాళం నొక్కింది. టక్. ఆ చప్పుడు వినిపిస్తేనే కాలు భద్రం అని చెప్పారు ఆసుపత్రిలో. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, ఆ చప్పుడు వినకుండా రోజ్‌లిన్ గదిలోంచి బయటికి రాదు.

"రేపు ఒక్క బంతి సేపు నిలబడితే చాలంట," అంది.

జేలిన్ టీవీలో కదిలే పెదాల వైపే చూస్తోంది. "విన్నాను," అంది.

*

సెయింట్ కునెగొండా జిమ్ములో గోడ పొడవునా అద్దాల బీరువాలు. వాటి నిండా కప్పులు. అవే గనక కాఫీకి పనికొస్తే ఓబర్‌టాల్‌లో ఎవరూ కప్పు కొనక్కర్లేదు. ఎదురుగా ఆరు మెట్ల బెంచీలు. ఒకప్పుడు ఆరు మెట్లూ నిండి జనం గోడలకి ఆనుకుని నిలబడేవాళ్ళు. ఇప్పుడు ఎవరికి వాళ్ళు తుమ్ముకున్నా పక్కవాడికి అంటుకోనంత దూరం.

రోజ్‌లిన్ అన్నిటికంటే పై మెట్టు మీద కూర్చుంది. పక్కన ఆల్విరా, కింద మెత్తటి దిండు వేసుకుని.

బ్రూక్‌ఫెల్డ్ పిల్లలు పద్నాలుగుమందీ వరసగా లోపలికొచ్చారు. వాళ్ళలో ఇద్దరు పైకి చూసి చేతులూపారు.

"హాయ్ మిస్ రోజ్‌లిన్! రేపు పిజ్జానేనా?"

రోజ్‌లిన్ తలూపింది. పిజ్జానే.

"శత్రువులకి అన్నం పెట్టేది మన ఇంటి కోడలే," అంది ఆల్విరా, కింది నాలుగు మెట్లకీ వినిపించేలా. అటువైపు కూర్చున్న ఒకరిద్దరు నవ్వారు. నవ్వి, జేలిన్ కాలు చూసి ఆపేశారు.

నాణెం ఎగరేశారు. కెప్టెనైన అక్క బదులు టిల్లీ వెళ్ళింది. గెలిచింది. ఏం కావాలని రెఫరీ అడిగితే, మూడేళ్ళుగా ఈ జిమ్ములో గెలిచినవాళ్ళు ఏమంటున్నారో అదే అంది. "సర్వీసు."

ఎవరు ఏ వరసలో సర్వీసు చేస్తారో వర్జిల్ కాగితం మీద గడుల్లో రాసి స్కోరు బల్ల మీద ఇచ్చేశాడు. ఇచ్చి నాలుగడుగులు వేసేసరికి టిల్లీ చొక్కా పట్టుకు లాగింది.

"నాన్నా. అక్క నంబరు మొదటి గడిలో రాశావు."

"ఆరో గడిలో రాశాను."

"ఏడో నంబరు, మొదటి గడి. నేను చూశా."

ఆరో గడి అంటే ఆఖరున సర్వీసు చేసే చోటు. ఆ వంతు వచ్చేలోపు జేలిన్‌ని ఎప్పుడో బయటికి తీసేయొచ్చు. మొదటి గడి అంటే మొదటి బంతే తనది. కోచ్ బుర్ర ఆరు అంటూనే ఉంది, చెయ్యి మాత్రం మూడేళ్ళుగా ఏడు నంబరు వేసే చోటే వేసేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న మనిషి సర్వీసు దగ్గరే తప్పు రాశాడు.

స్కోరు బల్ల దగ్గర ముసలాయన కాగితం మీద అరచెయ్యి పెట్టాడు. "ఇచ్చేశాక దిద్దడం కుదరదు కోచ్. నీకు తెలీదా?"

తెలుసు. ఆ ముసలాయనకి నేర్పిందే వర్జిల్.

గీత వెనక జేలిన్ నిలబడి ఉంది, బంతి చంకలో పెట్టుకుని, కుడికాలు కర్రలా చాపి. వర్జిల్ దగ్గరికెళ్ళాడు.

"నెట్టుకి కొట్టెయ్," అన్నాడు నెమ్మదిగా. "మొదటి బంతే నెట్టుకి. సర్వీసు పోతుంది, నిన్ను బయటికి తీస్తాను. అయిపోయింది. సరేనా?"

జేలిన్ బంతిని ఒకసారి నేలకి కొట్టి పట్టుకుంది.

మామూలు రోజుల్లో జేలిన్ సర్వీసంటే ఆ జిమ్ముకి పండగ. గీత దగ్గర్నుంచి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. ఒక్కో అడుగుకీ బెంచీల మీది జనమంతా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అరుస్తారు. ఆ తర్వాత పరిగెత్తుకొచ్చి గాల్లోకి లేచి కొడుతుంది. శనివారం కూడా అలాగే అరిచారు. అలాగే లేచింది. దిగడమే అలా దిగలేదు.

ఇవాళ అడుగులు లేవు, అరుపులూ లేవు. ఈల వేశారు. నిలబడ్డ చోటి నుంచే బంతి ఎగరేసి కొట్టింది.

బంతి నెట్టుకి తగల్లేదు. మెల్లగా నెట్టు మీంచి పోయి, నువ్వు తీస్తావంటే నువ్వు తీస్తావనుకున్న ఇద్దరు బ్రూక్‌ఫెల్డ్ పిల్లల మధ్య పడింది.

ఒకటి, సున్నా.

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలీలేదు. రెఫరీ వర్జిల్ వైపు చూశాడు. పిల్లని తీసేస్తానని చెయ్యెత్తితే చాలు. వర్జిల్ చెయ్యి నడుము దాకా లేచింది. అతని కళ్ళు స్కోరు బోర్డు మీది ఒకటి వైపు వెళ్ళాయి. చెయ్యి మళ్ళీ కిందికి దిగింది.

రోజ్‌లిన్ లేచి ఒక మెట్టు దిగింది.

"కూర్చోవే, పొరపాటున పడిందది," అంది ఆల్విరా.

రెండో బంతి. అవతలి పిల్ల ఎత్తి కొట్టింది, అది దీపాలకి తగిలి వెనక్కే పడింది. రెండు, సున్నా. రోజ్‌లిన్ రెండు మెట్లు దిగింది. వర్జిల్ చెయ్యి ఈసారి నడుము దాకా కూడా రాలేదు.

మూడో బంతి మూలకి పోయింది. వాళ్ళు పరిగెత్తి అందుకుని కొట్టారు. అది గీత దాటి బెంచీల కిందికి దొర్లిపోయింది. మూడు, సున్నా. అప్పుడు మాత్రం ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు, తమ చేతులు తమకే కొత్తగా ఉన్నట్టు చూసుకుంటూ.

టిల్లీ, ఇంకో పిల్లా బెంచీల కింద దూరి బంతి వెతుకుతున్నారు. రోజ్‌లిన్ మిగిలిన మెట్లూ దిగి, గోడ వెంబడి నడిచి, జేలిన్ నిలబడ్డ మూల దాకా వచ్చింది. మధ్యలో నేల మీద తెల్ల గీత ఒక్కటే అడ్డం. ఆట మధ్యలో అది దాటకూడదని కోచ్ పెళ్ళానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒక్క బంతి అన్నావు కదే."

"అన్నది నాన్న," అంది జేలిన్. "ఒప్పుకున్నది నువ్వు."

"నెట్టుకి కొట్టెయ్ తల్లీ. ఇంటికెళ్ళిపోదాం."

"నన్నెవరూ అడగలేదమ్మా." గొంతులో కోపం లేదు. టీవీలో గొంతు కాస్త పెంచినట్టుంది, అంతే. "నిలబడమని నాన్న అన్నాడు. వద్దని నువ్వన్నావు. నిలబడొచ్చని డాక్టరన్నాడు. నేను పక్క గదిలోనే ఉన్నాను."

రోజ్‌లిన్ రోజూ అడిగేదే అడిగింది.

"నొప్పిగా ఉందా?"

జేలిన్ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఇప్పుడు తెలుస్తోంది," అంది.

టిల్లీ బంతి తెచ్చి అక్క చేతిలో పెట్టి తన చోటికి పరిగెత్తింది. జేలిన్ ఆ బంతిని మంచి కాలి పాదం మీద ఆన్చి, వంగి, మోకాలు దగ్గర తాళం మీద బొటనవేలు పెట్టింది.

టక్.

ఆ జిమ్ములో ఆ చప్పుడు ఏమిటో తెలిసింది ఒక్క రోజ్‌లిన్‌కే. అది బిగించిన చప్పుడు కాదు.

జేలిన్ బంతి తీసుకుని ఒకడుగు వెనక్కి వేసింది.

"ఒకటి," అన్నారు బెంచీల మీద ఎవరో, అలవాటు కొద్దీ.

ఇంకో అడుగు.

"రెండు," అంది జిమ్ము. ఆల్విరా గొంతు అందరికంటే పైన వినిపించింది.

కోచ్ చెయ్యి అప్పుడు లేచింది, భుజం దాటి, తల దాటి. రెఫరీ అవతలివైపు గీత చూసుకుంటున్నాడు.

"మూడు."

రోజ్‌లిన్ తెల్ల గీత దాటేసింది.

నాలుగు అనడానికి ఆ జిమ్ములో ఎవరికీ నోరు రాలేదు. జేలిన్ మాత్రం నాలుగో అడుగు వేసింది.